రాజకుమారి తిప్పిన పొర

“ఒకపాలి పిలిసి లోపల కూకోబెట్టినోడిని మళ్ళీ ఆ డబ్బాలోంచి పిలుత్తావేటే? ఎన్ని గుమ్మాల్లోంచి రమ్మంతావు ఆడిని?”

“నీకు మూలుంది అత్తా. మూలకి కూడు పెడతావు, మూలతో మాటాడతావు, కోపమొత్తే మూలనే తిడతావు. నా గుంటకేటుంది? కుండ సూపించి ఇదేనే మీ నాన్నని సెప్పమంతావా?”

“కుండనకు! కళ్ళు పోతాయి!”

“పోనీ. ఉన్న కళ్ళతో ఏటి సూత్తన్నాను గనక!”

కాశీబుగ్గలో సెల్‌ఫోన్ల కొట్టు పక్కనున్న ఇనప మెట్లెక్కబోతూ ప్రేమ్‌కుమార్ ఆగిపోయాడు. భుజం మీద సీసీ కెమెరా వైరు చుట్ట, చేతిలో టీ ఫ్లాస్కు. పైన అత్తాకోడళ్ళ తగువు. మధ్యలోకి వెళితే ఇద్దరూ ఏకమై తననే తిడతారని అతనికి తెలుసు. అందుకని ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టుకుని సిగ్గు లేకుండా విన్నాడు.

మూడో గొంతు వినపడింది. అది పై గదిలో పాడైన డిస్కులు బాగుచేసే రాజకుమారిది. అరవదు, తగ్గదు.

“పెద్దమ్మా, తగువు తరవాత. ముందా తలుపు ముయ్యి. జీడిపిక్కలు కాల్చిన పొగంతా లోపలికొస్తంది. ఒక్క నలుసు ఈ డిస్కు పళ్ళెం మీద పడిందంటే మీ అబ్బాయి నీ మూలలోనే ఉంటాడో ఉండడో నాకు తెలీదు గానీ, ఇందులో మాత్రం ఉండడు.”

తలుపు ధడాలున తెరుచుకుంది. పోలమ్మ చంకలో మనవరాలిని వేసుకుని బయటికొచ్చింది. పూండి దాటాక ఒడ్డున ఉన్న చేపల పేట వాళ్ళది. మెట్ల మీద కూలబడి ప్రేమ్‌కుమార్‌ని చూసింది.

“నువ్వేటి గుడ్లప్పగించి సూత్తన్నావు? ఎల్లు, నువ్వూ ఎల్లి పిలువు నా కొడుకుని.”

“మీ అబ్బాయి నాకు తెలీదమ్మా.”

“తెలీనోల్లే కదా పిలుత్తన్నారు!”

ఆమె కొడుకు కూర్మారావు వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ బోర్లాపడింది. తోటి మనుషుల శవాలు భావనపాడు వైపు కొట్టుకొచ్చాయి. అతనిది రాలేదు. సముద్రం ఇవ్వని మనిషికి పోలమ్మ వాళ్ళ ఇంటి వరసలో ఒక పద్ధతుంది. కన్నతల్లి ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలవాలి. పిలిచాక కాళ్ళ కింద తడిసిన ఇసుకని కొత్త కుండలోకి ఎత్తి, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి తెచ్చి మూలన పెట్టాలి. ఆ రోజు నుంచి అతను లోపలున్నట్టే. మూలకి అన్నం పెడతారు, పండక్కి బట్ట పెడతారు. పేరు మాత్రం ఇంకెవరూ ఎత్తరు. పేరెత్తితే లేచి బయటికొస్తాడట. బయటికొచ్చినవాడు ఎటు పోవాలో తెలియక ఇంట్లో ఎవరినో ఒకరిని తోడు పట్టుకుపోతాడట.

పోలమ్మ పిలిచింది, తెచ్చుకుంది, కూర్చోబెట్టుకుంది. కోడలు మంగకి ఆ మూల చాలలేదు. చాలకపోవడానికి కారణం ఉంది. మొగుడు పోయేనాటికి ఆమె కడుపుతో ఉంది. శ్రీమంతం నాడు అందరూ నవ్వుతుంటే కూర్మారావు ఆమె కడుపు దగ్గర వంగి లోపలి బిడ్డతో ఏదో అన్నాడు. వీడియో అబ్బాయి అప్పుడే కెమెరా అటు తిప్పాడు. బాజా హోరులో మంగకి ఆ మాటలు వినపడలేదు. తరవాత అడుగుదాంలే అనుకుంది. ఆ తరవాత రాలేదు. అతని ఫోను అతనితోనే నీళ్ళలోకి పోయింది. ఇక అతని గొంతు మిగిలింది ఆ వీడియోలోనే. ఆ వీడియో ఉన్న స్టూడియో మీద పిడుగు పడింది. స్టూడియో అతను కొట్టు మూసి, మాడిన డిస్కుని మంగ చేతిలో పెట్టి, హైదరాబాదు పోయాడు.

ఆ డిస్కే ఇప్పుడు రాజకుమారి బల్ల మీద ఉంది. అందులోంచి ఆ మాటలు రావాలి. మంగకి కావలసింది అంతే. పుట్టాక తండ్రిని చూడని పిల్లకి తండ్రి ఏం చెప్పాడో తెలియాలి.

ప్రేమ్‌కుమార్ లోపలికెళ్ళేసరికి మంగ కళ్ళు తుడుచుకుంటోంది. రాజకుమారి ఫ్లాస్కు అందుకుని అందరికీ పోసింది, తను మాత్రం తాగలేదు. ఆమె రోజుకి తాగే నీళ్ళకి కొలతుంది. నిమ్మచెక్క ఒకటి బుగ్గన పెట్టుకుని దాహాన్ని ఏమారుస్తుంది.

“వారం తరవాత రా మంగా. మీ అత్తని తీసుకురాకు.”

“నాను తేకపోయినా వత్తాదక్కా.”

*

రాజకుమారి వజ్రపుకొత్తూరు దగ్గర జీడితోటల ఊళ్ళో పుట్టింది. తండ్రి తవిటయ్య కొబ్బరిచెట్లెక్కేవాడు, జీడితోటకి కాపలా ఉండేవాడు. కాళ్ళు వాచి, ముఖం ఉబ్బి, చెట్టు మొదట్లోనే కూలబడిపోయాడు. ఉద్దానంలో ఆ వాపు పేరు ఎవరికీ విడిగా చెప్పక్కరలేదు. ఇంటికొకరు పోయారు. నీళ్ళ వల్లా, మట్టి వల్లా, మందుల వల్లా అని వచ్చిన వాళ్ళందరూ సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు. ఎవరూ తిరిగొచ్చి ఇదీ సంగతని చెప్పలేదు. చెప్పినా చచ్చినవాళ్ళు లేస్తారా.

ఆమె టెక్కలిలో బీయస్సీ చదివింది. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో టెక్నీషియనుగా చేరింది. గది నిండా ఉండే ఒక ఉక్కు యంత్రం, దానికి చిన్న గాజు కిటికీ. కిటికీ అవతల ఊదారంగు మంట. ఆ మంటలో కోబాల్టు, రాగి, మళ్ళీ కోబాల్టు, ఒకదాని మీద ఒకటి పొరలుగా కూర్చుంటాయి. ఆ పొరల్లోంచి పోయే ఎలక్ట్రాన్ల ముఖాలు మనం చెప్పిన వైపు తిప్పడం అక్కడి సార్ల పని. యంత్రాన్ని నడపడం ఆమె పని. నడుపుతూ నడుపుతూ తిప్పడమూ నేర్చుకుంది. పెళ్ళి సంబంధాలు వచ్చేవి. ఊరి పేరు వినగానే వచ్చిన దారినే పోయేవి. ఉద్దానం పిల్లా, కిడ్నీలు ఎలా ఉన్నాయట, అని అడిగిన పెద్దమనిషికి ఆమె స్కానింగు కాయితం ఇచ్చి కాఫీ పోసి పంపిందట. ఆ కాయితంలో అప్పటికి ఏ దోషమూ లేదు. తరవాత వచ్చింది. తండ్రికి వచ్చినట్టే, కాళ్ళ నుంచి.

పలాస తిరిగొచ్చి డయాలసిస్ రోజులు పోగా మిగిలిన రోజుల్లో ఈ కొట్టు పెట్టింది. పోయిన డిస్కుల్లోంచి బొమ్మలూ లెక్కలూ తీసిస్తుంది. జీడి ఫ్యాక్టరీల వాళ్ళు వస్తారు, కాలేజీల వాళ్ళు వస్తారు. కానీ ఎక్కువగా వచ్చేది పోయినవాళ్ళ కోసం వెతుక్కునేవాళ్ళు. ఈ చుట్టుపక్కల ఒక డిస్కు పాడైందంటే అందులో ఎవరో ఒకరు చచ్చిపోయినవాళ్ళు ఉండి తీరతారు. ఊళ్ళో వాళ్ళు ఆమెని డిస్కుల డాక్టరమ్మ అంటారు. వెనకాల ఇంకో మాట కూడా అంటారు. పోయినోళ్ళతో పని పెట్టుకుంది, అందుకే పోవట్లేదు, అని.

ప్రేమ్‌కుమార్ టెక్కలిలో ఇంజనీరింగు మధ్యలో వదిలేసినవాడు. ఎందుకు వదిలేశావని అడిగితే బోరు కొట్టిందంటాడు. కెమెరాలు బిగించుకుంటూ తిరుగుతూ, ఒకసారి కాలిపోయిన కెమెరా రికార్డింగు పెట్టె తెచ్చి ఇక్కడ పడేశాడు. అప్పటినుంచి ఏ పనీ లేకపోయినా ఎక్కి వస్తాడు. అతను ఎక్కడా గంటసేపు నిలవని మనిషి. ఇక్కడ మాత్రం సాయంత్రం దాకా కూర్చుంటాడు. ఎందుకో అతనికే తెలియదు.

*

“చదివే తల మార్చెయ్యొచ్చుగా అక్కా? వేరే డిస్కు తల పీకి దీనికి పెట్టి.”

“ఈ మోడలు ఇప్పుడెక్కడా లేదు రా. దొరికితే నాకెందుకీ బాధ. కిడ్నీ దొరకదు, తలకాయా దొరకదు. మన జిల్లాకి దాతలు తక్కువ.”

ఆమె నవ్వింది. ప్రేమ్‌కుమార్‌కి నవ్వాలో వద్దో తెలియలేదు.

మాడిన బోర్డు ఆమె ముందే మార్చేసింది. పళ్ళెం తిరుగుతోంది. పళ్ళెం మీద చదివే తల అటూ ఇటూ కదులుతోంది. కానీ ఏమీ రావడం లేదు. టిక్, టిక్, టిక్. లోపల ఎవరో గోటితో తట్టుతున్నట్టు. ఫ్యాను ఆపేసి వింటే ఆ చప్పుడు కాసేపటికి గదిలో ఏ మూల నుంచి వస్తోందో తెలియకుండా పోయేది.

“అది చదువుతోంది రా. కానీ వెర్రి చూపు చూస్తోంది,” అంది రాజకుమారి. బల్ల మీది జీడిపప్పు ఒకటి తీసి, దాని ఎర్ర పొట్టు గోటితో ఒలిచి వెలుతురుకి పట్టింది. “ఈ పొట్టుని వేల పొరలుగా చీల్చగలిగితే ఒక పొర ఎంతుంటాదో, తల చివర్న అలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కింది పొర అయస్కాంతమే, కానీ మేకు కొట్టినట్టు ఒకే దిక్కు చూస్తాది. పై పొర గాలికి ఊగే తలుపు. పళ్ళెం మీద ఏం రాసుందో దాన్ని బట్టి అటో ఇటో తిరుగుతాది. వీటి మధ్యలోంచి కరెంటు పోవాలి. కరెంటంటే ఎలక్ట్రాన్లు. ప్రతిదానికీ స్పిన్ అని ఒక గుణం, పైకో, కిందికో.”

“అది చదివాను.”

“చదివి వదిలేశావు. విను. మేకు పొర ఒకే రకం స్పిన్ వాళ్ళని వడకట్టి పంపుతాది. తలుపు కూడా అటే చూస్తంటే సాఫీగా పోతారు. ఎదురు తిరిగుంటే గుమ్మంలో ఆగిపోతారు. పోయారా, ఆగారా. మంగ శ్రీమంతం వీడియో అంతా ఆ రెండే అనుకో. ఇప్పుడు పిడుగు పడింది. మేకు ఊడింది. కింది పొర తల తిప్పేసుకుంది. గుమ్మం ఎటుందో దానికే తెలీదు.”

“మరి?”

“మళ్ళీ కొడతాను.”

వేడి చేసి, పొర పట్టు సడలాక గట్టి అయస్కాంతం మధ్యలో పెట్టి, అలాగే చల్లారనివ్వాలి. చల్లారేటప్పుడు అయస్కాంతం ఎటు లాగితే పొర అటే గడ్డకట్టి చూస్తుంది, ఇక కదలదు. హైదరాబాదులో ఆ పని చెయ్యడానికి బీరువా అంత యంత్రం ఉండేది. ఇక్కడ ఆమె దగ్గర వేడిగాలి గన్ను, ఉష్ణోగ్రత చూపే తీగ, పాత డిస్కుల్లోంచి పీకిన అయస్కాంతాలు ఉన్నాయి. వాటిని ఎదురెదురుగా బిగించిన చిన్న ఇనప పట్టకారు ఉంది. ఆ పట్టకారు బల్ల మీద పెడితే మేకులు, సూదులు, స్క్రూలు వాటంతట అవే దానివైపు ముక్కులు తిప్పి నిలబడేవి. ప్రేమ్‌కుమార్ ఎన్నిసార్లు చూసినా వాటిని చేత్తో పక్కకి నెట్టి కూర్చునేవాడు. అవి మెల్లగా మళ్ళీ తిరిగేవి.

రాజకుమారి వేడి చేసింది. పట్టకారులో బిగించింది. చల్లారేదాకా ఇద్దరూ మాట్లాడలేదు. ఎవరు చెప్పారని మానేశారో అతనికి తరవాత ఆలోచిస్తే గుర్తు రాలేదు.

టిక్కు ఆగింది. బొమ్మలు రావడం మొదలైంది.

ముందొచ్చింది శ్రీమంతం కాదు. పెద్దకర్మ ఫ్లెక్సీలు. ఆ స్టూడియో అతను చేసిన పని సగం అదే మరి. ముఖాలు, ముఖాల చుట్టూ దండలు, పక్కన దీపం, కింద జననం, మరణం. తెర కిందికి జరుగుతూనే ఉంది, ముఖాలు వస్తూనే ఉన్నాయి. ఉబ్బిన కళ్ళు, ఉబ్బిన చెంపలు. ఫొటోకని నవ్వమంటే నవ్వినవాళ్ళు. ప్రేమ్‌కుమార్‌కి తన ఊరివాళ్ళు కనిపించారు. చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు కనిపించాడు. రాజకుమారి ఒక చోట ఆపింది.

తెర మీద ఆమే ఉంది. దండ, దీపం, జననం తేదీ అన్నీ ఉన్నాయి. మరణం అన్నచోట మాత్రం ఖాళీ.

“మొన్నామధ్య నాకు ఊపిరాడక ఆసుపత్రిలో పెట్టినప్పుడు మా అన్న చేయించుంటాడు,” అంది ఆమె. “వాడికన్నీ ముందే సర్దుకోవడం అలవాటు. చీర బాగానే ఎంచాడు.”

“అక్కా, అది తీసెయ్.”

“ఎందుకు? ఇది మంగ డిస్కు. నాది కానిది నేను తియ్యను.”

ఆమె కిందికి జరిపింది.

*

మంగ వచ్చింది. పోలమ్మా వచ్చింది. లోపలికి రానంది, గుమ్మం బయట మెట్టు మీద పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్ల పేరు భవ్యశ్రీ. మాటలు ఆలస్యమైన పిల్ల. అమ్మా అంటుంది, అంతకుమించి పెద్దగా ఏమీ అనదు. చేతిలో గవ్వ పట్టుకుని ఆడుకుంటోంది. పట్టపగలు, కింద రోడ్డు మీద టెక్కలి బస్సు హారన్లు, ఎండ.

రాజకుమారికి ఒక నియమం ఉంది. దొరికినదాన్ని ఆమె తెరవదు. ఎవరిదైతే వాళ్ళే నొక్కి తెరుచుకోవాలి. మౌసుని మంగ ముందుకి జరిపింది. మంగ చెయ్యి వేసింది, తీసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ తీసేసింది.

“నావల్ల కాదక్కా.”

ప్రేమ్‌కుమార్‌కి ఓపిక తక్కువ. “ఇటివ్వండి,” అని నొక్కేశాడు.

బొమ్మ పాడైంది. ఆకుపచ్చ గళ్ళు, గళ్ళ మధ్య ఎవరి పట్టుచీర అంచో. కూర్మారావు ముఖం సగం వచ్చింది. మిగతా సగంలో పక్క ఫైలు ముక్కలు అతుక్కున్నాయి. వేరే ఎవరి బంతిపూల దండో అతని మెడ కింద, ఎవరి ఉబ్బిన కన్నో అతని కన్ను ఉండాల్సిన చోట. ఆ కన్ను రెప్ప వెయ్యలేదు. నోరు మాత్రం అతనిదే. కదిలింది. బాజా, ఆడవాళ్ళ నవ్వులు, వాటి మీద గొంతు. ఆ గొంతుకి ఏ దెబ్బా తగల్లేదు. గదిలో నిలబడి మాట్లాడుతున్నంత దగ్గరగా వచ్చింది.

“ఓయ్, లోపలున్న మనిసీ! ఇనబడతందా? నానే, మీ నాన్నని. ఎన్నాళ్ళని ఆ సీకట్లో తొంగుంటావు? రా, బేగి రా నా కాడికి. నాను పిలుత్తన్నాను కదా, రా—”

అక్కడ తెగింది.

మంగ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో గుమ్మం దగ్గర నుంచి చిన్న గొంతు వచ్చింది. తడబాటు లేదు, తొందర లేదు. పక్కగదిలోంచి పిలిస్తే పలికినట్టు.

“వత్తన్నాను నాన్నా.”

పోలమ్మ అరచేత్తో పిల్ల నోరు మూసింది. అప్పటికే ఆలస్యమైంది. గవ్వ జారి ఇనప మెట్ల మీద ఒక్కో మెట్టూ కొట్టుకుంటూ కిందికి పోయింది.

“పలికీసింది,” అంది ముసలామె. తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం ప్రేమ్‌కుమార్‌కి నచ్చలేదు. “ఓలమ్మా, పలికీసింది. లోపలోల్లు పిలిత్తే పలక్కూడదే.”

రాజకుమారి నిదానంగానే చెప్పింది. “పెద్దమ్మా, అది ఎప్పుడో ఆడిన మాట. పిల్ల కడుపులో ఉన్నప్పటిది. బయటికి రమ్మన్నాడు. వచ్చేసింది కూడా. అయిపోయింది.”

“అయిపోతే ఇయ్యాలెందుకినబడింది?”

దానికి రాజకుమారి దగ్గర జవాబు ఉంది. పొరల గురించి, స్పిన్ గురించి ఎంతసేపైనా చెప్పగలదు. అది చెప్పకుండా తెర ఆర్పేసింది.

పోలమ్మ లేచింది. “మా ఇంట్లో ఒక మాటుంది. ఎవలైనా అలగ పలికీత్తే, పిలిసినోల్లే ఒడ్డుకెల్లి, పలికినోల్లు రారని సెప్పి రావాల. ఇంటోల్లు సెప్తే ఆడు ఇనడు. ఇంటోల్లు మొగమాటానికి అబద్ధాలాడతారని ఆడికి తెలుసు. పిలిసింది మీరు. మీరే సెప్పాల.”

“నేనేం పిలవలేదు పెద్దమ్మా. పాడైంది బాగు చేశాను.”

“అదే సెప్తన్నాను. నువ్వు బాగుసెయ్యబట్టే కదా ఆడి నోరు లేసింది.”

*

కొన్ని రోజుల తరవాత మంగ ఒక్కతే వచ్చింది. మొహం పీక్కుపోయింది.

“గుంట ఇంట్లో నిలవట్లేదక్కా. సేతిలోంచి జారిపోయి ఒడ్డుకెల్లిపోతంది. తడిసిన ఇసక మీద కూకుంతంది. అల కాళ్ళ దాకా వత్తాదా, లెగదు. నీళ్ళకేసి సూసి నవ్వుతాది. మా అత్త దాని నడుముకి తాడు కట్టింది.”

“చిన్నపిల్లలకి నీళ్ళంటే సరదా కదా,” అన్నాడు ప్రేమ్‌కుమార్.

“మా గుంటకి నీళ్ళంటే బయం బాబూ. తలకి పోసుకుంతేనే ఏడుత్తాది.” ఆమె రాజకుమారి చెయ్యి పట్టుకుంది. “తరవాతేటన్నాడో తియ్యక్కా. ‘రా’ అని ఆగిపోనాడు. అక్కడ ఆగిపోబట్టే ఇదంతానూ. ఆయన ఎటకారం మనిసి. ఎనకాలేదో నవ్వులాట మాట అనుంటాడు. అది గుంటకి ఇనిపిత్తే మరి ఎల్లదు. ఆ మాట తియ్యి.”

రాజకుమారి డిస్కు వైపు చూసింది. ఆ తరవాతి ముక్క పళ్ళెం అంచున ఉంది. తల అక్కడికెళ్ళి తడబడుతోంది. మేకు మళ్ళీ సడలుతోంది. ఇంకోసారి వేడి చేస్తే పట్టొచ్చు, లేకపోతే తలే పోవచ్చు. పోతే ఇంకా బయటికి తియ్యని శ్రీమంతం అంతా పోతుంది.

“వచ్చిందాన్ని వేరే చోట దాచాను. అది పోదు. మిగతాది మాత్రం వస్తే ఒక్కసారే,” అంది.

“సెయ్యి.”

ఆ పని ఆమె మర్నాడు పొద్దున్న మొదలుపెట్టింది. డయాలసిస్‌కి వెళ్ళాల్సిన రోజు. వెళ్ళలేదు. కాళ్ళు చెప్పుల్లో పట్టనంత వాచాయి. గన్ను పట్టుకున్న చెయ్యి మాత్రం కదల్లేదు. ప్రేమ్‌కుమార్ తీగ చూస్తూ అంకె చెబుతున్నాడు. వేడెక్కిన తలని పట్టకారులో బిగించేటప్పుడు ఆమె ఒక్క క్షణం ఆగింది.

“ఎటు తిప్పాలో తెలుసా అక్కా?”

“తెలుసు. అదే కదా బాధ.”

అతనికి అర్థం కాలేదు.

చల్లారింది. పళ్ళెం తిరిగింది. తెర మీద ఈసారి బొమ్మే లేదు, నల్లగా ఉంది. బాజా లేదు, నవ్వులు లేవు. గొంతొక్కటే, అదీ అరక్షణం.

“—రాకపోతే నానే వత్తాను.”

తలలోంచి సన్నని కీచు వచ్చింది. పళ్ళెం మీద గీత పడింది. ఇక టిక్కు కూడా లేదు.

ప్రేమ్‌కుమార్ నవ్వబోయాడు. నవ్వులాట మాటే కదా. బయటికి రాకపోతే నేనే వచ్చి ఎత్తుకుంటానన్నాడు, ఏ తండ్రైనా అనేదే. ఆ సంగతే అందామని అక్క ముఖం చూసి మానేశాడు. బల్ల మీద స్క్రూలన్నీ ఒకే వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. అవి పట్టకారు వైపే తిరిగాయని అతనికి తెలుసు. ఆ వైపున తలుపు కూడా ఉంది. లేచి వెళ్ళి గొళ్ళెం పెట్టాడు.

రాజకుమారి మంగకి ఫోను చేసింది. స్పీకరు పెట్టింది. వాళ్ళది వాళ్ళకి ఇచ్చెయ్యడమే తన పని, చెడ్డదైనా సరే.

“మంగా, దొరికింది.”

అవతల అలల చప్పుడు. తరవాత మంగ అంది, “సెప్పకక్కా. నాను సెప్పనా? గుంట రాకపోతే ఆయనే వత్తాడంట. అదే కదా?”

రాజకుమారి నిమ్మచెక్క బుగ్గలోంచి తీసి బల్ల మీద పెట్టింది. “నీకెవరు చెప్పారు?”

“గుంట. పొద్దున్న లెగిసిన కాణ్ణించి అదే మాట. దానికి అన్ని మాటలెప్పుడొచ్చాయో నాకు తెల్దు. గుమ్మంలో కూకుని, నాను రాకపోతే నాన్నే వత్తాడంట అమ్మా, అంటంది. మా అత్త కుండ మూత తీసి సూసింది. ఇసక ఎండిపోయుండాల కదా. తడిగా ఉందక్కా.”

*

ఆసుపత్రిలో డయాలసిస్ గది చల్లగా ఉంటుంది. మంచాలు వరసగా ఉంటాయి. మంచం పక్కన యంత్రం, యంత్రానికి గొట్టాలు. ఎర్రగా బయటికెళ్ళిన రక్తం ఎర్రగానే లోపలికొస్తుంది. ఎవరూ మాట్లాడుకోరు. పడుకున్నవాళ్ళంతా పైకప్పుకేసి చూస్తుంటారు.

ప్రేమ్‌కుమార్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చోక లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

“మంగ ఆ రెండు ముక్కలూ కలిపి ఇమ్మంది,” అన్నాడు. “పిల్లకి వినిపించదట. పెద్దయ్యాక వినిపిస్తుందట. దాచుకుంటుందట.”

“ఇచ్చెయ్. అది వాళ్ళది.”

“పోలమ్మ కూడా వచ్చింది. కింద కూర్చుంది. పిల్లని తాడుతోనే తెచ్చింది. నువ్వెప్పుడెళ్తావని అడుగుతోంది. ఒడ్డుకి.”

రాజకుమారి దుప్పటి తొలగించి కాళ్ళు చూపించింది. వేలితో నొక్కింది. నొక్కినచోట గుంట పడి అలాగే ఉండిపోయింది.

“ఈ కాళ్ళతో ఇసకలో నడుస్తానా?”

“నువ్వు నమ్ముతున్నావా అక్కా ఇదంతా?” అతను గట్టిగానే అడిగాడు. పక్క మంచం మీది మనిషి తల తిప్పాడు. “నువ్వు నమ్మితే చెప్పు, నేనూ నమ్మేస్తాను. తడి ఇసకంటే, ఒడ్డు దగ్గర ఇల్లు, ఉప్పు గాలి, తడి పడుతుంది. పిల్ల మాటంటావా, వాళ్ళమ్మ ఏదో గొణుక్కునుంటుంది, విని పట్టేసింది. అంతే కదా?”

“అంతే.”

“మరి?”

ఆమె గొట్టంలో కదులుతున్న రక్తాన్ని చూసింది.

“పిడుగు పడ్డాక ఆ పొర ఎటూ చూడకుండా ఊరుకుంది రా. చదవకుండా, పలక్కుండా. నేనే వేడి చేసి, దాని మొహం పట్టుకుని ఇటు తిప్పాను. రెండోసారి తిప్పేటప్పుడు నాకు తెలుసు, ఆ మాట తరవాత మాట మంచిది కాదని. ఎలా తెలుసో అడక్కు. తెలిసీ ఇటే తిప్పాను. ఆ ముసలామె అన్నది తప్పు కాదు. పిలిచింది నేను. నొక్కింది నువ్వు.”

ప్రేమ్‌కుమార్ మౌసు నొక్కిన వేలిని చొక్కాకి తుడుచుకున్నాడు.

“నువ్వెళ్ళు,” అంది రాజకుమారి. “రేపు ఎండ ఉండగానే వాళ్ళ పేటకెళ్ళు. పోలమ్మని రావద్దను, ఇంటివాళ్ళెవరూ వద్దు. అతని పేరెత్తకు. తడి ఇసక మీద నిలబడి, పిల్ల రాదు, నువ్వూ రావద్దు, అని చెప్పి వచ్చెయ్. గట్టిగా చెప్పు, నీకు మొహమాటం లేదు కదా, అందుకే నిన్ను పంపుతున్నాను. ఒకవేళ జవాబేదైనా వినపడిందనుకో, ప్రేమూ, నాకొచ్చి చెప్పకు.”